సందేహం తెరపైకి వచ్చింది... సమాధానమిచ్చేదెవరు?

జోల్వా (సూరత్): సూరత్ నుంచి బార్డోలీ వెళ్లే దారిలో, పల్సానా తాలూకాలో ఉన్న జోల్వా పరిసరాల్లో వస్త్ర పరిశ్రమదే ప్రధాన స్థానం. సూరత్ జిల్లాలోని మరమగ్గాలు, అద్దకం మిల్లులపై ఆధారపడి ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్రల నుంచి వచ్చిన కుటుంబాలు పెద్ద సంఖ్యలో జీవిస్తున్నాయి. తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు సూరత్ నగరంలోని లింబాయత్, ఉధనా వంటి ప్రాంతాలలో దశాబ్దాల క్రితమే స్థిరపడ్డాయి. వీరి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నిర్వహిస్తూ వచ్చింది.

ప్రాథమిక విద్య దాటి కళాశాల మెట్టెక్కిన తర్వాత పరిస్థితి మారుతుంది. ఇంట్లో ఒక భాష, వీధిలో మరో భాష, సాంకేతిక విద్య చదివే తరగతిలో ఇంగ్లీషు. ఇటువంటి ఇంటి నుంచి వచ్చిన విద్యార్థికి పాఠం మధ్యలో సందేహం కలిగితే చేయి ఎత్తి అడగడం సులభం కాదు. పాఠం అర్థం కాకపోవడం ఒక ఎత్తయితే, ఆ సంగతిని నిండు తరగతిలో, తనకు పూర్తిగా పట్టుబడని భాషలో చెప్పుకోవడం మరో ఎత్తు. అందువల్ల అనేక సందేహాలు బెంచీ మీదనే ఆగిపోతాయి. నెలల తర్వాత అవే పరీక్షలో కోల్పోయిన మార్కులుగా బయటపడతాయి.

ఈ సమస్యకు పరిష్కారంగా గత కొన్నేళ్లలో ఆన్‌లైన్ చర్చా వేదికలు ముందుకు వచ్చాయి. విద్యార్థి తన సందేహాన్ని ఏ వేళలోనైనా తెరపై రాయవచ్చు. తోటి విద్యార్థులు గానీ, అధ్యాపకుడు గానీ సమాధానం ఇవ్వవచ్చు. ఒకసారి ఇచ్చిన సమాధానం తరగతిలోని వారందరికీ, ఆ తర్వాతి ఏడాది విద్యార్థులకు కూడా ఉపయోగపడుతుంది. కొన్ని కోర్సులలో ఈ చర్చలలో పాల్గొన్నందుకు మార్కులు కూడా కేటాయిస్తున్నారు. అయితే సందేహం అడిగే చోటు ఏర్పడినంత మాత్రాన సమాధానం దానంతట అదే లభించదని, దానికి మనుషులను, సమయాన్ని, డబ్బును కేటాయించక తప్పదని వివిధ దేశాల అనుభవం స్పష్టం చేస్తున్నది.

'స్వయం'లో నాలుగో భాగం

మన దేశంలో ఈ విషయం కేవలం కొందరు ఉత్సాహవంతులైన అధ్యాపకులకు పరిమితమైనది కాదు. కేంద్ర ప్రభుత్వం చేపట్టిన 'స్వయం' ఆన్‌లైన్ కోర్సుల పథకాన్ని 2017 జూలై 9న అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ప్రారంభించారు. ఈ పథకం కింద ప్రతి కోర్సుకు నాలుగు భాగాలు ఉండాలని నిర్దేశించారు. అవి వీడియో పాఠాలు, చదువుకొనేందుకు ప్రత్యేకంగా తయారుచేసిన పాఠ్యసామగ్రి, స్వీయ పరీక్షలు, సందేహ నివృత్తికి ఆన్‌లైన్ చర్చా వేదిక. అంటే చర్చా వేదిక అదనపు సౌకర్యం కాదు, కోర్సు స్వరూపంలోనే భాగం.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2016లో జారీ చేసిన నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని మొత్తం కోర్సులలో 20 శాతం వరకు స్వయం ద్వారా పూర్తిచేసి క్రెడిట్లు పొందే వీలు కలిగింది. 2021లో ఈ పరిమితిని 40 శాతానికి పెంచారు. కాగా, ఈ కోర్సుల రూపకల్పనపై 2016లో వెలువడిన మార్గదర్శకాలు అంతర్గత మూల్యాంకనానికి గరిష్ఠంగా 30 మార్కులు కేటాయిస్తూ, అందుకు ఆధారంగా తీసుకోదగిన వాటిలో క్విజ్‌లు, అసైన్‌మెంట్లు, సెషనల్ పరీక్షలతో పాటు చర్చా వేదికలను కూడా పేర్కొనడం గమనార్హం.

ఏడు ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ప్రారంభించిన ఎన్‌పీటీఈఎల్ ఈ రంగంలో అన్నింటికంటె పాతది. 2014 నుంచి ఇది సర్టిఫికెట్ కోర్సులను నిర్వహిస్తున్నది. ఇక్కడ అనుసరిస్తున్న సాధారణ పద్ధతి ప్రకారం వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షా కేంద్రంలో పర్యవేక్షణలో రాసే తుది పరీక్షకు 75 శాతం ప్రాధాన్యం ఉంటుంది. 12 వారాల కోర్సులో ఉత్తమంగా చేసిన 8 అసైన్‌మెంట్లను లెక్కలోకి తీసుకుంటారు. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 25కు కనీసం 10, పరీక్షలో 75కు కనీసం 30 సాధించాలి. ఈ లెక్కలో చర్చా వేదికకు విడిగా మార్కులు లేవు. అక్కడ విద్యార్థి అడిగేది తెలుసుకోవడం కోసమే.

2020 జూన్‌లో ఐఐటీ మద్రాస్ ప్రారంభించిన ప్రోగ్రామింగ్, డేటా సైన్స్ ఆన్‌లైన్ డిగ్రీ కోర్సులో సైతం విద్యార్థుల సందేహాల కోసం ప్రత్యేక చర్చా వేదికను ఏర్పాటు చేశారు. పాఠాలు ఇంటివద్దే చూసుకోవచ్చు గానీ, ప్రధాన పరీక్షలను కేంద్రాలకు వెళ్లి రాయాలి. చర్చ ఆన్‌లైన్‌లో, తీర్పు పరీక్షా కేంద్రంలో అన్న ఈ విభజన వెనుక ఉన్న కారణాలు తర్వాతి పరిణామాలను చూస్తే అర్థమవుతాయి.

కాన్పూర్ విద్యార్థిని అనుభవం

ఇటువంటి వేదికలలో ప్రపంచవ్యాప్తంగా పేరొందిన 'పియాజా' పుట్టుకకు ఒక భారతీయ విద్యార్థిని అనుభవమే కారణం. దాని వ్యవస్థాపకురాలు పూజా నాథ్ శంకర్ ఐఐటీ కాన్పూర్‌లో కంప్యూటర్ సైన్స్ చదివారు. ఆ తరగతిలో మహిళలు అతి కొద్దిమంది. మగ విద్యార్థులు కలిసి కూర్చుని లెక్కలు చేసుకుంటూ, ఒకరినొకరు అడిగి తెలుసుకుంటూ ఉంటే, బిడియం కారణంగా తాను ఒంటరిగానే కుస్తీ పట్టవలసి వచ్చిందని ఆమె తర్వాతి కాలంలో వివరించారు. స్టాన్‌ఫర్డ్‌లో బిజినెస్ కోర్సు చదువుతున్న కాలంలో, 2009లో ఆమె ఈ వేదికకు రూపకల్పన చేశారు. 2011 నుంచి అది అమెరికా విశ్వవిద్యాలయాలలో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది.

పియాజా చేసిన ప్రధానమైన మార్పు సాంకేతికంగా చూస్తే చిన్నదే. ప్రశ్న అడిగే విద్యార్థి తోటివారికి తన పేరు తెలియకుండా అడిగే వీలు కల్పించింది. ఒక ప్రశ్నకు విద్యార్థులందరూ కలిసి సరిదిద్దుకొనే ఒక సమాధానం, అధ్యాపకుడు ఇచ్చే మరో సమాధానం పక్కపక్కన కనిపించే ఏర్పాటు చేసింది. విద్యార్థి రాసిన సమాధానం సరైనదైతే అధ్యాపకుడు దానిని ధ్రువీకరించవచ్చు. దీనివల్ల అధ్యాపకుడు ప్రతి ప్రశ్నకూ మొదటి నుంచీ జవాబు రాయవలసిన అవసరం తగ్గుతుంది. తోటి విద్యార్థి ఇచ్చిన జవాబును నమ్మవచ్చా లేదా అన్న అనుమానం కూడా తొలగిపోతుంది.

కాన్పూర్ తరగతిలో మహిళలకు ఎదురైన బిడియం, భాష కారణంగా జోల్వా వంటి చోట్ల వలస కుటుంబాల పిల్లలకు ఎదురయ్యే బిడియం స్వభావంలో ఒక్కటే. అడిగితే నలుగురిలో ఏమవుతుందోనన్న భయమే రెండింటికీ మూలం. ఆ భయాన్ని తగ్గించే ఏర్పాటు లేకపోతే చర్చా వేదికలోనూ తరగతిలో మాట్లాడేవారే మాట్లాడతారు, మౌనంగా ఉండేవారు మౌనంగానే ఉండిపోతారు.

అర్ధ శతాబ్దపు చరిత్ర

ఈ భావన కొత్తది కాదు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1960లో బోధన కోసం రూపొందించిన 'ప్లేటో' కంప్యూటర్ వ్యవస్థలో 1973లో డేవిడ్ వూలీ 'నోట్స్' అనే చర్చా సదుపాయాన్ని తయారుచేశారు. ఒకరు రాసిన అంశం కింద ఇతరులు వరుసగా స్పందనలు రాసే పద్ధతి అందులో ఉంది. 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ 'యూజ్‌నెట్'కు రూపకల్పన చేశారు. ఆ తర్వాతి కాలంలో అనేక విశ్వవిద్యాలయాల కంప్యూటర్ విభాగాలు ఒక్కో కోర్సుకు ఒక్కో న్యూస్‌గ్రూప్‌ను ఏర్పాటు చేసుకున్నాయి. న్యూజెర్సీ సాంకేతిక విద్యాసంస్థలో స్టార్ రాక్సాన్ హిల్ట్జ్, మర్రే ట్యూరాఫ్ 1980 దశకంలోనే కంప్యూటర్ సంభాషణల ద్వారా 'వర్చువల్ క్లాస్‌రూం' నిర్వహించి దాని మంచిచెడ్డలను అధ్యయనం చేశారు.

తెలుగు ప్రాంతంలో ఇందుకు దగ్గరగా వచ్చిన ప్రయత్నం రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో దీని ప్రాంగణాలు ఏర్పడ్డాయి. ట్యూరింగ్ అవార్డు గ్రహీత రాజ్ రెడ్డి దీనికి తొలి ఛాన్సలర్‌గా వ్యవహరించారు. పదో తరగతి పూర్తిచేసిన గ్రామీణ విద్యార్థులను వేల సంఖ్యలో చేర్చుకొని, ల్యాప్‌టాప్‌ల సాయంతో బోధన సాగించాలన్నది ఆ ప్రయోగం లక్ష్యం. పాఠం తెరపై వచ్చినప్పటికీ సందేహాలు తీర్చేందుకు విద్యార్థుల పక్కన మెంటర్లు ఉండాలన్న అవగాహన దానిలో మొదటి నుంచీ కనిపిస్తుంది.

లక్ష మంది కూర్చున్న తరగతి

2011 శరత్కాలంలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం అందరికీ తెరిచిన కృత్రిమ మేధ కోర్సుకు సుమారు 1,60,000 మంది పేర్లు నమోదు చేసుకోవడంతో పరిస్థితి కొత్త మలుపు తిరిగింది. సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ ఆ కోర్సును బోధించారు. అదే సమయంలో ఆండ్రూ ఎంగ్ బోధించిన మెషిన్ లెర్నింగ్ కోర్సుకు సుమారు లక్ష మంది చేరారు. ఇంతమందికి ఒక అధ్యాపకుడు జవాబు చెప్పడం అసాధ్యం. చర్చా వేదిక లేనిదే ఆ తరగతి నడవదు.

ఎంగ్‌తో కలిసి 2012లో 'కోర్సెరా'ను స్థాపించిన డాఫ్నీ కోలర్ ఆ ఏడాది చేసిన ఒక ప్రసంగంలో కొన్ని ఆసక్తికరమైన వివరాలు వెల్లడించారు. కొన్ని కోర్సులలో ప్రశ్న అడిగిన తర్వాత జవాబు రావడానికి పట్టిన మధ్యస్థ సమయం 22 నిమిషాలు. ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు మేలుకొని ఉండటమే ఇందుకు కారణం. ఒకే అసైన్‌మెంట్‌లో 2,000 మంది ఒకే తప్పు సమాధానం ఇచ్చిన సందర్భాన్ని కూడా ఆమె ఉదహరించారు. వందమంది తరగతిలో ఇద్దరు చేస్తే ఎవరి దృష్టికీ రాని తప్పు, లక్షమంది తరగతిలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ తప్పుకు మూలం ఎక్కడో తెలుసుకొని పాఠాన్నే సరిదిద్దుకొనే అవకాశం అధ్యాపకుడికి కలుగుతుంది.

ఇదే వెల్లువకు మరో పార్శ్వం కూడా ఉంది. 2013 ఫిబ్రవరిలో జార్జియా టెక్ విశ్వవిద్యాలయం కోర్సెరా ద్వారా సుమారు 40,000 మందికి ప్రారంభించిన ఒక కోర్సును మొదటి వారంలోనే నిలిపివేయవలసి వచ్చింది. విద్యార్థులను చర్చా బృందాలుగా విభజించడానికి వారి పేర్లను ఒక ఆన్‌లైన్ పట్టికలో నింపమన్నారు. ఏకకాలంలో వేలమంది రాయబోవడంతో ఆ పట్టిక స్తంభించిపోయింది. ఆన్‌లైన్ కోర్సును ఎలా రూపొందించి నిర్వహించాలో నేర్పడమే ఆ కోర్సు అంశం కావడం విశేషం.

పదివేల సందేశాలు, తొమ్మిదిమంది సహాయకులు

చర్చా వేదిక నిర్వహణకు అయ్యే శ్రమ ఎంతో తెలుసుకోవడానికి అదే జార్జియా టెక్‌కు చెందిన మరో ఉదాహరణ ఉపకరిస్తుంది. అక్కడ 2014లో తక్కువ ఫీజుతో ప్రారంభమైన ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ కోర్సులో అశోక్ గోయల్ అనే ఆచార్యుడు కృత్రిమ మేధపై ఒక పాఠ్యాంశాన్ని బోధిస్తున్నారు. సుమారు 300 మంది విద్యార్థులు ఉన్న ఆ తరగతిలో ఒక సెమిస్టర్‌కు దాదాపు 10,000 సందేశాలు వచ్చేవి. ఒక్కో సందేశానికి రెండు నిమిషాలు మాత్రమే కేటాయించినా 333 గంటలు అవసరం. రోజుకు 8 గంటల చొప్పున లెక్కిస్తే ఇది 40 పనిదినాలకు పైమాట.

విద్యార్థుల సంఖ్య పెరిగేకొద్దీ ప్రశ్నల సంఖ్య పెరుగుతుంది గానీ, వేర్వేరు ప్రశ్నల సంఖ్య ఆ దామాషాలో పెరగదని గోయల్ గమనించారు. అసైన్‌మెంట్ గడువు ఎప్పుడు, ఏ రూపంలో సమర్పించాలి వంటి ప్రశ్నలే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఈ పరిశీలన ఆధారంగా ఆయన బృందం పాత సెమిస్టర్లలో పోగైన సుమారు 40,000 సందేశాలతో ఒక కంప్యూటర్ సహాయకురాలిని తయారుచేసింది. దానికి 'జిల్ వాట్సన్' అని పేరు పెట్టారు. 2016 జనవరిలో మొదలైన సెమిస్టర్‌లో మిగిలిన మానవ సహాయకుల సరసన దానిని తొమ్మిదో సహాయకురాలిగా ప్రవేశపెట్టారు. సమాధానంపై 97 శాతం నమ్మకం కుదిరినప్పుడు మాత్రమే అది జవాబిచ్చేలా ఏర్పాటు చేశారు. తమకు జవాబులు ఇస్తున్నది యంత్రమని సెమిస్టర్ చివరి వరకు విద్యార్థులకు తెలియలేదు.

ఆ ప్రయోగం తర్వాత కూడా మానవ సహాయకుల అవసరం తీరిపోలేదన్నది ఇక్కడ గుర్తించవలసిన అంశం. విసుగు పుట్టించే ప్రశ్నలను యంత్రానికి అప్పగించడం వల్ల, ఆలోచించి సమాధానం చెప్పవలసిన ప్రశ్నలకు సహాయకుల సమయం మిగిలింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తర్వాత ఈ దిశలో వేగం పెరిగింది. 2023లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం తన ప్రాథమిక కంప్యూటర్ కోర్సు చర్చా వేదికలో కృత్రిమ మేధ జవాబులను ప్రవేశపెట్టినప్పుడు సైతం, వాటిని సిబ్బంది చూసి ధ్రువీకరించే వీలు కల్పించారు.

మార్కులతో వచ్చే చిక్కు

చర్చలో పాల్గొన్నందుకు మార్కులు ఇస్తే మౌనంగా ఉండేవారు కూడా ముందుకు వస్తారన్నది ఒక వాదన. దీనిలో కొంత నిజం ఉంది. అయితే సందేశాల సంఖ్యను బట్టి మార్కులు వేయడం మొదలుపెడితే సంఖ్య పెరుగుతుంది గానీ సారం పెరగదు. "మీ అభిప్రాయంతో ఏకీభవిస్తున్నాను" వంటి వాక్యాలు కుప్పలుగా చేరి, నిజమైన సందేహం వాటి కింద మరుగున పడుతుంది. సందేహం లేనివాడు మార్కుల కోసం సందేహం కల్పించుకుంటాడు. కృత్రిమ మేధ క్షణాలలో పేరాలు రాసి ఇచ్చే ఈ రోజుల్లో సందేశం పొడవు చూసి విద్యార్థి శ్రద్ధను అంచనా వేయడం మరింత కష్టమైంది. ముఖ్యమైన మార్కులను పర్యవేక్షణలో రాసే పరీక్షకు ఉంచడమే క్షేమమన్న అభిప్రాయానికి ఈ కారణంగానే బలం చేకూరుతున్నది.

మార్కులు వేయదలచిన పక్షంలో సంఖ్యకు బదులు ఉపయోగాన్ని కొలమానంగా తీసుకోవడం మేలు. ఒక విద్యార్థి ఇచ్చిన జవాబును అధ్యాపకుడు ధ్రువీకరించారా, తన ప్రశ్నలో ఎంతవరకు ప్రయత్నించి ఎక్కడ ఆగిపోయాడో రాశాడా, తప్పును మర్యాదగా సరిదిద్దాడా అన్నవి చూడవచ్చు. సెమిస్టర్ చివర విద్యార్థే తన ఉత్తమమైన రెండు మూడు సందేశాలను ఎంచి సమర్పించే పద్ధతి ఉంటే అధ్యాపకుడు వేల సందేశాలను తిరగేయనవసరం లేదు. ప్రశ్న అడిగినందుకు మాత్రం ఎన్నడూ మార్కులు తగ్గించకూడదు. ఆ భయం ఒక్కసారి కలిగితే వేదిక ఖాళీ అవుతుంది.

ఇదిలా ఉండగా, వ్యాసరూప సమాధానాలను తోటి విద్యార్థుల చేత దిద్దించే పరస్పర మూల్యాంకనం పెద్ద కోర్సులలో తప్పనిసరి మార్గంగా మారింది. మార్కుల కేటాయింపు స్పష్టంగా రాసి ఇచ్చి, ఒక్కో జవాబును పలువురి చేత దిద్దించినప్పుడు ఆ ఫలితాలు అధ్యాపకుడు వేసిన మార్కులకు చేరువగా ఉన్నట్లు కోలర్ తన ప్రసంగంలో తెలిపారు. ఆ రెండు జాగ్రత్తలూ లోపించిన చోట స్నేహం, కోపం, నిర్లక్ష్యం మార్కులలో చొరబడతాయి. అందువల్ల కొన్ని పత్రాలను అధ్యాపకుడే తిరిగి దిద్ది సరిచూడటం, అభ్యంతరం చెప్పుకొనే మార్గం ఉంచడం అవసరం.

సందేహం బహిరంగం, మార్కులు గోప్యం

కరోనా కాలంలో దేశమంతటా ఫోనే తరగతి గది అయింది. గ్రామీణ ప్రాంతాలలో బడిలో చేరిన పిల్లల కుటుంబాలలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం కాగా, 2020 నాటికి 61.8 శాతానికి చేరినట్లు 'అసర్' సర్వే వెల్లడించింది. పాఠ్యసామగ్రి చేరవేయడానికి వాట్సాప్ ప్రధాన మార్గమైంది. గుజరాత్‌లో 2021లో పాఠశాల విద్యార్థులకు వారం వారం వాట్సాప్ ద్వారా స్వాధ్యాయ పరీక్షలు నిర్వహించారు. ఫలితం వెంటనే తెలియడం వీటిలోని సౌలభ్యం. అయితే పరీక్షలో ప్రశ్న అడిగేది యంత్రం, జవాబు చెప్పేది విద్యార్థి. విద్యార్థి ప్రశ్న అడిగి జవాబు పొందే ఏర్పాటుకు అది ప్రత్యామ్నాయం కాదు.

కళాశాలలలో అధ్యాపకులు సొంతంగా ఏర్పాటు చేసుకున్న వాట్సాప్ బృందాలు నేటికీ కొనసాగుతున్నాయి. ఇవి ప్రకటనలకు బాగా పనికివస్తాయి. సందేహాలకు మాత్రం సరిపడవు. సోమవారం అడిగిన ప్రశ్న మంగళవారానికి శుభోదయ సందేశాల కింద కొట్టుకుపోతుంది. ఒకే ప్రశ్నను పదిమంది అడుగుతారు. బృందంలోని వారందరికీ అందరి ఫోన్ నంబర్లూ కనిపిస్తాయి. విద్యార్థినులకు ఇది ఇబ్బందికరం. పేరు తెలియకుండా అడిగే వీలు అసలే లేదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది మార్కుల జాబితాను బృందంలో పెట్టడం. నోటీసు బోర్డు మీద జాబితా అంటించే పాత అలవాటుకు ఇది కొనసాగింపే అయినా, బోర్డు మీది కాగితం కళాశాల గేటు దాటదు. ఫోన్‌లోని జాబితా క్షణాలలో ఊరు దాటుతుంది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వ్యక్తిగత సమాచారాన్ని సేకరించి వినియోగించే సంస్థలకు బాధ్యతలు నిర్దేశించింది. 18 ఏళ్లలోపు వారి విషయంలో తల్లిదండ్రుల అనుమతిని తప్పనిసరి చేసింది. సందేహం పదిమందికీ ఉపయోగపడేది గనుక బహిరంగంగా ఉండాలి. మార్కు ఒక్కరికి సంబంధించినది గనుక గోప్యంగా ఉండాలి. మార్కులపై అభ్యంతరాలకు చర్చా వేదికతో సంబంధం లేని విడి మార్గం ఏర్పాటు చేయడం ఇందుకే అవసరం.

నిర్వహణకు కొన్ని నియమాలు

చర్చా వేదిక సక్రమంగా నడవాలంటే కొన్ని నియమాలను కోర్సు మొదటి రోజే ప్రకటించడం ఉత్తమం. ఒక సందేశంలో ఒకే ప్రశ్న ఉండాలి. "సార్, డౌట్" అన్న శీర్షిక కాక, ఏ పాఠంలో ఏ విషయమో శీర్షికలోనే తెలియాలి. అడిగే ముందు అదే ప్రశ్న ఇంతకుముందు వచ్చిందేమో వెతకాలి. గడువు ముగియని అసైన్‌మెంట్ జవాబును ఎవరూ బయటపెట్టకూడదు. తోటివారికి పేరు తెలియకపోయినా, దుర్వినియోగం జరిగితే అధ్యాపకుడు గుర్తించగలగాలి.

అధ్యాపకుడి వైపు నుంచి కూడా మాట ఉండాలి. ఎన్ని గంటలలోగా సమాధానం ఇస్తారో ముందే చెప్పాలి. విద్యార్థులు ఒకరికొకరు జవాబు చెప్పుకొనేందుకు కొంత వ్యవధి ఇచ్చి, ఆ తర్వాత కలగజేసుకోవాలి. తప్పు జవాబు సరిదిద్దకుండా నిలిచిపోతే అది ప్రశ్న లేకపోవడం కంటె ఎక్కువ హాని చేస్తుంది. వారానికి ఒకసారి ఎక్కువమందిని ఇబ్బంది పెట్టిన ప్రశ్నలను ఏరి, తరగతిలో పది నిమిషాలు వాటికి కేటాయిస్తే తెర మీది చర్చ తిరిగి పాఠంలో కలుస్తుంది. ఫోన్ లేని విద్యార్థికి కూడా దాని ఫలితం అందుతుంది.

భాష విషయం ప్రత్యేకంగా ఆలోచించవలసినది. ప్రశ్నను మాతృభాషలో అడిగేందుకు అనుమతిస్తే సగం అడ్డంకి తొలగిపోతుంది. ఎన్‌పీటీఈఎల్ కొన్ని కోర్సుల పాఠాలను తెలుగు, గుజరాతీ సహా పలు భారతీయ భాషల్లోకి అనువదింపజేసింది. భారతీయ భాషల మధ్య కంప్యూటర్ అనువాదానికి ఉద్దేశించిన 'భాషిణి'ని ప్రధాని నరేంద్ర మోదీ 2022 జూలైలో గాంధీనగర్‌లోనే ప్రారంభించారు. ఇటువంటి సాధనాలు పాఠానికి మాత్రమే కాక ప్రశ్నకు కూడా అందుబాటులోకి వస్తే, తెలుగులో ఆలోచించే విద్యార్థి తెలుగులోనే అడగగలుగుతాడు. జవాబు ఇంగ్లీషులో వచ్చినా ఎదురుచూసే ధైర్యం అప్పటికే కలిగి ఉంటుంది.

ఖర్చు లెక్కలో చేరని శ్రమ

ఆన్‌లైన్ కోర్సుల వల్ల ఉన్నత విద్య చౌక అవుతుందన్న ఆశ ప్రభుత్వాలకూ, తల్లిదండ్రులకూ ఉంది. వీడియో పాఠం విషయంలో ఈ ఆశ సమంజసమే. ఒకసారి చిత్రీకరించిన పాఠాన్ని పదిమంది చూసినా పదివేలమంది చూసినా ఖర్చులో పెద్ద తేడా ఉండదు. సందేహాల విషయంలో ఈ సూత్రం వర్తించదు. విద్యార్థుల సంఖ్యతో పాటు జవాబు చెప్పవలసిన పని కూడా పెరుగుతుంది. యంత్రం కొంత భారం తగ్గించవచ్చు, తోటి విద్యార్థులు మరికొంత పంచుకోవచ్చు. మిగిలిన భాగానికి మనిషే కావాలి. ఆ మనిషి రాత్రి పదకొండు గంటలకు ఇంట్లో కూర్చుని రాసే జవాబు పనిగంటలలో లెక్కకు రాకపోతే, కొన్నాళ్లకు ఆ జవాబు ఆగిపోతుంది.

అందువల్ల 40 శాతం వరకు కోర్సులను ఆన్‌లైన్‌లో అనుమతించిన వ్యవస్థలో అధ్యాపకుల పనిభారాన్ని లెక్కించే పద్ధతి కూడా మారవలసి ఉంటుంది. తరగతిలో బోధించే గంటలతో సమానంగా చర్చా వేదికకు వెచ్చించే గంటలను గుర్తించడం, పరిశోధక విద్యార్థులను బోధనా సహాయకులుగా నియమించి పారితోషికం ఇవ్వడం, ఎన్ని ప్రశ్నలు వచ్చాయి, ఎన్నిటికి ఎంత సమయంలో జవాబు లభించింది అన్న వివరాలను ప్రతి కోర్సు ప్రకటించడం వంటి చర్యలు పరిశీలించదగినవి. ఎంతమంది చేరారు, ఎంతమంది ఉత్తీర్ణులయ్యారు అన్న అంకెలకు తోడుగా, జవాబు లేకుండా మిగిలిన ప్రశ్నలు ఎన్ని అన్న అంకె కూడా బయటికి వస్తే కోర్సు నాణ్యత తేలికగా తెలుస్తుంది.

సూరత్ పరిసరాలలో మరమగ్గాల కార్మికులు రోజుకు 12 గంటల షిఫ్టులలో పనిచేయడం పరిపాటి. ఆ ఇళ్లలో చదువుకొనే పిల్లలకు పాఠం చెప్పగలిగినవారు పక్కన ఉండటం అరుదు. ట్యూషన్‌కు పంపే స్తోమత అందరికీ ఉండదు. రాత్రి షిఫ్టుకు తండ్రి వెళ్లిన తర్వాత ఫోన్ తెరిచి సందేహం రాసే విద్యార్థికి చర్చా వేదిక నిజంగానే ఒక తలుపు. ఆ తలుపు అవతల ఎవరో ఒకరు ఉన్నారన్న నమ్మకం కలిగితేనే అతడు రెండోసారి తడతాడు.